దాత వస్తేనే రక్తం

ముప్పై ఒక్క ఏళ్లు నేను ఒక ఫ్రిజ్‌కి కాపలా కాశాను. కాగితం మీద ఉద్యోగం పేరు ల్యాబ్ టెక్నీషియన్. చోటు పల్నాడులో ఒక ప్రభుత్వ ఆసుపత్రి బ్లడ్ బ్యాంక్. ఊరి పేరు రాయను. రాస్తే ఇప్పుడు అక్కడ పని చేస్తున్న పిల్లలకి లేనిపోని తలనొప్పి.

మా తమ్ముడి కూతురు ఈ మధ్యే ఇదే ఉద్యోగంలో చేరింది. "అత్తా, పని ఎట్టా చెయ్యాలో నాలుగు ముక్కలు రాసియ్యి" అంది. గ్రూపు ఎలా చూడాలో, ఎక్కించబోయే రక్తం రోగి రక్తంతో పడుతుందో లేదో క్రాస్ మ్యాచ్ ఎలా చెయ్యాలో పుస్తకంలో ఉంది, నాకంటే బాగానే ఉంది. పుస్తకంలో లేనిది రాస్తాను. అందులో నా గొప్పలు ఏమైనా కనిపిస్తే అవి అనుకోకుండా దొర్లినవి.

పౌరుషానికి పేరుమోసిన ప్రాంతం

మా దగ్గరికి వచ్చే చీటీల్లో సగానికి పైగా కాన్పుల వార్డు నుంచే. కాన్పు అయ్యాక రక్తం ఆగకపోవడం, కడుపుతో ఉన్నప్పుడే ఒంట్లో రక్తం లేకపోవడం, ఆపరేషన్ టేబుల్ మీద ఎక్కువ పోవడం. చీటీ రాగానే మేము అడిగే మొదటి మాట ఒక్కటే: "ఎవరిస్తారు?" ఒక సీసా కావాలంటే ఇంటివాళ్లలో ఒకరు పడుకుని ఒక సీసా ఇవ్వాలి. సీసా అంటున్నాను గానీ అది సంచి. సీసాలు పోయి ఎన్నేళ్లయిందో, మాట మాత్రం పోలేదు.

ఆ ప్రశ్న అడగ్గానే వరండా ఖాళీ అయ్యేది. అప్పటిదాకా గుంపుగా నిలబడి, డాక్టర్ ఎందుకు రాలేదని నర్సుల మీద అరిచిన మగాళ్లంతా టీ తాగడానికి వెళ్లేవారు. ఆ టీ సాయంత్రం దాకా చల్లారేది కాదు. క్వారీలో రాయికి మందు కూరి పేల్చే మనిషి నా సూది చూసి కుర్చీలోంచి జారి పడ్డాడు. పొలం గట్టు కోసం కత్తి తీసిన పెద్దమనిషి భార్య కోసం చెయ్యి చాపలేకపోయాడు. మన ప్రాంతం పౌరుషానికి పేరుమోసింది. ఆ పౌరుషం మూడు వందల యాభై మిల్లీలీటర్ల దగ్గర ఎందుకు ఆగిపోతుందో నాకు రిటైరయ్యే దాకా అర్థం కాలేదు.

ఇంకో సంగతి కొత్తగా చేరిన ఎవరైనా మొదటి వారంలోనే చూస్తారు. మొదటి కాన్పు పుట్టింటి బాధ్యత, రెండోది అత్తింటి బాధ్యత గదా. రక్తం కూడా అదే పద్ధతిలో పంచుకుంటారు. మొదటి కాన్పయితే అత్తగారు "అది వాళ్లు చూసుకోవాల" అంటుంది. రెండోదైతే అమ్మాయి తండ్రి "మేం ఒకసారి చూసుకున్నాం గదమ్మా" అంటాడు. లోపల మంచం మీద ఉన్నదానికి ఇది ఎన్నో కాన్పో గుర్తు చేసుకునే ఓపిక కూడా ఉండదు.

మొగుడి రక్తం పెళ్లానికి ఎక్కించకూడదు, ముందు ముందు మళ్లీ కడుపొస్తే బిడ్డకి ప్రమాదం. ఇది పుస్తకంలో ఉంది. అతని దగ్గర తీసుకుని, మన దగ్గర ఉన్న ఇంకొకరిది ఇస్తాం. ఈ ఒక్క ముక్క మాత్రం మగాళ్లు ఎక్కడో విని పెట్టుకుంటారు. "మొగుడిది పనికి రాదంట గదా మేడం" అని వచ్చీ రాగానే అనేవారు. సగం చదువు ఇంత ఉపయోగపడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

పెద్ద డాక్టరు గారి పాఠం

నేను చేరిన కొత్తలో ఈ నియమం అంత గట్టిగా పట్టించుకోలేదు. ఒక పెద్దాయన ఏసుప్రభువు మీద ఒట్టేసి, రేపు పొద్దున్నే ఇద్దరు కొడుకుల్ని తెస్తానన్నాడు. మాదీ అదే ప్రార్థన కాబట్టి నమ్మాను. రెండు సీసాలు ఇచ్చాను. ఆ రేపు ఇంకా రాలేదు. అదే వారంలో ఇంకో ముగ్గురికి అలాగే ఇచ్చాను. ఫ్రిజ్ ఖాళీ అయింది. నాదెండ్ల వైపు నుంచి పెళ్లికి వచ్చి, నెలలు నిండకుండానే నొప్పులొచ్చిన అమ్మాయికి ఒక్క చుక్క లేక నరసరావుపేట పంపించాం. ఆ అమ్మాయి అదృష్టం బాగుండి బతికింది.

మా సూపరింటెండెంటు గారిని అందరూ పెద్ద డాక్టరు గారు అనేవాళ్లం. మనిషి చెడ్డవాడు కాదు. నన్ను పిలిచి కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. "చూడమ్మా, దాత మంచం మీద పడుకుంటే గానీ నువ్వు క్రాస్ మ్యాచ్ మొదలుపెట్టొద్దు. ఇంకో మాట. ఫ్రిజ్‌లో ఉందని ఎప్పుడూ చెప్పొద్దు. ఉందని తెలిస్తే ఎవడూ ఇవ్వడు. మీరిస్తే గదా మా దగ్గర ఉండేది, అని చెప్పు. అది అబద్ధం కూడా కాదు."

నిజంగానే అది అబద్ధం కాదు. అందుకే నా నోటికి అంత బాగా అలవాటైంది. ఫ్రిజ్‌ని లోపలి గదిలోకి మార్పించి, గుమ్మానికి కర్టెన్ కట్టించాను. అప్పటి నుంచి మా ఫ్రిజ్ ఖాళీ అన్న మాట లేదు. పై నుంచి అధికారులు వస్తే కర్టెన్ తీసి చూపించేవాళ్లం, వాళ్లు ఫోటో తీసుకునేవారు. పక్క ఊళ్ల వాళ్లకి మమ్మల్ని చూసి నేర్చుకోమని చెప్పేవారు.

ఆ రక్తం ఎవరికి వెళ్లేదో కూడా చెప్పాలి. కాన్పయి మూడు రోజులైంది, పిల్ల కాస్త పాలిపోయి ఉంది, రేపు ఇంటికి వెళ్లాలి. "బలానికి ఒక బాటిల్ ఎక్కించండి సార్" అని ఇంటివాళ్లు అడుగుతారు, డాక్టరు ఒకటి రాస్తాడు. ఇనుము మాత్రలు, ఆకుకూర సరిపోయే మనిషికి రక్తం. వాళ్లకి మూడు రోజుల టైముంది, కాబట్టి బతిమాలో బెదిరించో ఒక దాతని పట్టుకొచ్చేవారు. వాళ్లకి వెంటనే ఇచ్చేదాన్ని. ధారగా కారిపోతున్నదానికి టైముండదు, దాత దొరకడు. నా నియమం చివరికి ఏం చేసిందంటే, తీరిక ఉన్న వాళ్లకి రక్తం ఇచ్చి తొందర ఉన్న వాళ్లకి ఉపన్యాసం ఇచ్చింది. నాకు ఇది అర్థం కావడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

నాగమణి

మిరప కోతల రోజులు. మధ్యాహ్నం రెండు దాటింది. క్యారేజీ కడుక్కుని వచ్చి కూర్చున్నాను. కాన్పుల వార్డు నుంచి చీటీ, రక్తం నమూనా పట్టుకుని ఒకామె పరుగున వచ్చింది. పేరు అంజమ్మ, నడికుడి పక్క పల్లె. వెంట చిన్న కొడుకు శ్రీను, ఇరవై ఏడేళ్ల వాడు, ఆటో తోలతాడు. చీటీ మీద నాగమణి, రెండో కాన్పు, బి పాజిటివ్, రెండు సీసాలు, అర్జెంట్ అని ఉంది. అర్జెంట్ అని రాయని చీటీ నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు, కాబట్టి ఆ మాట నా కంటికి ఆనలేదు.

"పురుడొచ్చింది మేడం, ఆడపిల్ల. రగతం ఆగట్లేదంట. నా కోడలు తెల్లగా అయిపోతంది."

"ఎవరిస్తారు?"

"మా పెద్దోడు కోటేశ్వరరావు ఇస్తాడు. క్వారీలో ఉన్నాడు. ఫోన్ ఎత్తట్లేదు. మందు పేల్చేటప్పుడు ఫోన్లు షెడ్డులో పెట్టి దిగాలంట."

"మరి ఇతను?"

అంజమ్మ కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడింది, నేనేదో వాణ్ణి లాక్కుపోతానన్నట్టు. "వాడొద్దు మేడం. వాడికి సంబంధాలు చూస్తన్నాం. రగతం ఇచ్చాడని తెలిస్తే ఒంట్లో బలం పోయిందంటారు, పిల్లనిచ్చేవాళ్లు ఎనక్కి పోతారు."

"నేనిస్తాలే అమ్మా" అన్నాడు శ్రీను.

"నువ్వు నోరు మూసుకో. మేడం, నాది తీసుకోండి. రెండూ నా దగ్గరే తీసుకోండి."

ఆమె వేలి నుంచి చుక్క తీసి నీలం నీళ్లలో వేశాను. రక్తం సరిపడా ఉన్న మనిషి చుక్క మునుగుతుంది. ఆమెది తేలింది. "మీ కోడలి కంటే ముందు మీకే ఎక్కించాలమ్మా" అన్నాను. నేను చమత్కారిని అని అప్పట్లో ఆసుపత్రిలో పేరుండేది.

ఆ తర్వాత ఉపన్యాసం మొదలుపెట్టాను. గోడ మీద బొమ్మ చూపించి, రక్తం ఇస్తే బలం పోదని, నెలా రెండు నెలల్లో అంతా మళ్లీ పుట్టుకొస్తుందని, పెళ్లికీ దీనికీ సంబంధం లేదని చెప్పాను. బాగా చెప్పాను. వార్డు నుంచి నర్సు రెండుసార్లు ఫోన్ చేసింది. "దాత ఇంకా పడుకోలేదు" అని పెట్టేశాను. అంజమ్మ వంగి నా కాళ్లు పట్టుకుంది.

"ముందు ఒక్కటి ఇయ్యి తల్లీ. పెద్దోడు రాంగానే నలుగురిని ఎంటబెట్టుకొచ్చి ఇప్పిస్తా. నాదీ పూచీ."

అందరూ చెప్పే మాటే. ఏసుప్రభువు మీద ఒట్టేసిన పెద్దాయన గుర్తొచ్చాడు. "మీరిస్తే గదమ్మా మా దగ్గర ఉండేది" అన్నాను. "బయట ఆటోల దగ్గర ఎవరైనా ఒప్పుకుంటారేమో చూడండి."

ఇద్దరూ పరుగెత్తారు. నేను కూర్చుని చీటీ నంబరు పుస్తకంలో ఎక్కించుకున్నాను. క్రాస్ మ్యాచ్ మొదలుపెట్టలేదు.

ఆ తర్వాత తలుపు తోసుకుని డాక్టర్ పద్మజ వచ్చింది. కొత్తగా చేరిన కాన్పుల డాక్టరు. చేతులకి గ్లవ్స్ అలాగే ఉన్నాయి. చెప్పులు తడిగా ఉండి గచ్చు మీద ముద్రలు పడ్డాయి. డాక్టరు కాన్పు బల్ల వదిలి మా గది దాకా రావడం నేను అంతకుముందు చూడలేదు.

"మేడం, బి పాజిటివ్ ఉందా?"

"నాలుగున్నాయి డాక్టర్."

"ఎవరి కోసం?"

"ఎమర్జెన్సీ కోసం."

నా నోటితోనే అన్నాను. ఆమె చీటీ తిప్పి, క్రాస్ మ్యాచ్ లేకుండా ఇవ్వమని వెనక రాసి సంతకం పెట్టింది. చీటీ వచ్చి అప్పటికి ముప్పై ఐదు నిమిషాలు. రెండు సంచులు తీసి ఇచ్చాను, వెనకాలే మిగతా రెండూ నేనే పట్టుకెళ్లాను. అంజమ్మ ఆటోల దగ్గర నుంచి ఏడుస్తూ వచ్చి, సంచులు చూసి ఆగిపోయింది.

"దొరికిందా మేడం?"

"ఇప్పుడే వచ్చింది" అన్నాను.

పెద్ద డాక్టరు గారు నేర్పిన మాటలు అబద్ధాలు కావు. ఇది మాత్రం అబద్ధం, నాదే.

నాలుగూ ఎక్కించి గుంటూరు పంపించారు. అంబులెన్స్ సత్తెనపల్లి దాటాక నాగమణి పోయింది. ఆ కబురు రాకముందే కోటేశ్వరరావు వచ్చాడు. ఒంటి నిండా తెల్లటి రాతి పొడి, వెంట అలాగే ఉన్న నలుగురు. అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉన్నారు.

గడిలో మాట

తల్లి చనిపోతే ఆసుపత్రిలో మీటింగు పెట్టి, ఎందుకు పోయిందో చూడాలి. దానికో ఫారం ఉంటుంది. నా వంతు గళ్లు నేను నింపాను. రక్తం అందుబాటులో ఉందా? ఉంది. బంధువుల సహకారం? నిరాకరించారు. కాగితం మీద రెండూ నిజమే. పెద్ద డాక్టరు గారు చదివి, "మన వైపు నుంచి తప్పేమీ లేదు" అని సంతకం పెట్టారు. ఇన్నేళ్లుగా ఫోటోలు తీయించుకున్న ఫ్రిజ్ ఆ రోజు కూడా మమ్మల్ని కాపాడింది.

బయటికొచ్చాక పద్మజ గారు నా పక్కన నడుస్తూ, "ఎప్పుడు అడిగాం, ఎప్పుడు ఇచ్చారు అని ఇంకో రెండు గళ్లు ఉండాల్సింది మేడం" అంది. కోపంగా అని ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. కోపం లేదు.

పదకొండో రోజున కోటేశ్వరరావు ఆ నలుగురితో మళ్లీ వచ్చాడు. గుండు చేయించుకున్నాడు.

"మా అమ్మ నలుగుర్ని తెస్తానని మీకు మాటిచ్చిందంట మేడం. తెచ్చా."

అక్కర్లేదు వెళ్లమనాలి. నేను ఖాళీ సంచి తీశాను. అతను తనంతట తనే మంచం ఎక్కి పడుకున్నాడు. సూది గుచ్చేటప్పుడు పైకప్పు చూస్తూ అన్నాడు.

"నేను ఫోన్ షెడ్డులో పెట్టబట్టే గదా మేడం. రగతం దొరికేసరికి ఆలీసం అయిందంట."

అప్పుడు చెప్పాల్సింది. "పిడికిలి మూసి తెరుస్తూ ఉండు" అన్నాను.

మార్చిన పద్ధతి

ఆ నెలలోనే కర్టెన్ పీకించాను. కాన్పు దగ్గర రక్తం పోతోందంటే ముందు రక్తం, తర్వాత మాటలు. క్రాస్ మ్యాచ్ చీటీ రాగానే మొదలవుతుంది, దాత రాగానే కాదు. అడిగిన టైము, ఇచ్చిన టైము రాయడానికి ఒక నోటు పుస్తకం పెట్టాను. నర్సులకి ఒకటే చెప్పాను: ఎంత పోయిందని అడిగితే "కొంచెం" అనొద్దు, తడిసిన గుడ్డలు ఎన్నో చెప్పండి. బలానికి ఒక బాటిల్ అడిగేవాళ్లని డాక్టరు దగ్గరికే తిప్పి పంపాను. వాళ్లకి నా మీద చానా కోపం.

"ఫ్రిజ్ ఖాళీ అయిద్ది చూడు" అన్నారు పెద్ద డాక్టరు గారు. ఆయన మాట నిజమే, కొన్నిసార్లు అయింది. అయినప్పుడు ఫోన్లు చేసేదాన్ని. గురజాల కాలేజీ పిల్లలు, మా చర్చిలో మగాళ్లు, అందరికంటే ముందు కోటేశ్వరరావు. మూడు నెలలకోసారి పిలవకుండానే వచ్చేవాడు. క్వారీ నుంచి మనుషుల్ని బండి మీద ఇద్దరిద్దరుగా ఎక్కించుకొచ్చేవాడు. అతని పుణ్యాన మా బ్లడ్ బ్యాంక్‌కి మంచి పేరొచ్చింది, నాకు శాలువాలు కప్పారు. కప్పిన ప్రతిసారీ అతను కింద కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఇలా ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ నేను నోరు విప్పలేదు. ముందు భయం వేసింది, తర్వాత సిగ్గేసింది, ఆ తర్వాత అతను ఇవ్వడం మానేస్తాడేమోనని లెక్క వేసుకున్నాను. చివరిది అన్నిటికంటే నీచం, అదీ రాస్తున్నాను.

గడిచిన జూన్‌లో రిటైరయ్యాను. ఆ రోజు సభ అయ్యాక అతన్ని సైకిల్ స్టాండ్ దగ్గరికి తీసుకెళ్లి మొత్తం చెప్పాను. నాలుగు సంచులు, కర్టెన్, ముప్పై ఐదు నిమిషాలు. అతను బండి తాళం వేలికి తిప్పుకుంటూ విన్నాడు. 

"నాకెందుకు చెప్పారు మేడం" అన్నాడు. "చెప్తే మా అమ్మకి చెప్పండి. తమ్ముణ్ణి ఇయ్యనీయకుండా కోడల్ని చంపుకున్నానని ఒకటే ఏడుపు. వాడు ఆ ఏడే మిర్యాలగూడ పోయాడు. అమ్మ మొహం చూడడు. పెళ్లీ చేసుకోలేదు. ఎక్కండి బండి."

అంజమ్మ

అంజమ్మ పంచలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. నన్ను గుర్తు పట్టి పీట వేసింది. నాగమణి పిల్లలిద్దరూ బడికి పోయారట. నేను పీట మీద కూర్చోకుండానే చెప్పాను. కూర్చుంటే మళ్లీ ఏదో ఒక ఉపన్యాసంలోకి దిగుతానని భయం.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"లోపలుందా?"

"ఉందమ్మా."

"నేను ఆటోల కాడ ముక్కూ మొహం తెలియనోళ్ల కాళ్లు పట్టుకునేటప్పుడు కూడా ఉందా?"

"ఉంది."

నన్ను తిడుతుందనుకున్నాను. కొట్టినా నిలబడదామనే వచ్చాను. ఆమె కొడుకు వైపు తిరిగి, "శ్రీనుగాడికి ఫోన్ చెయ్యి. వాణ్ణి అన్నం తినడానికి రమ్మను" అంది. కోటేశ్వరరావు ఫోన్ పట్టుకుని గేటు దగ్గరికి పోయాడు. అంజమ్మ చేతుల కారం కొంగుకి తుడుచుకుని, నా మొహంలోకి చూసింది.

"రోజూ ఆ పిల్ల ఫోటో కాడ దీపం పెట్టి, తల్లీ నిన్ను నేనే చంపుకున్నా అని చెప్పుకుంటన్నా. ఏడేళ్లు. నా తప్పు నాకుంది, అది పోదు. ఇయ్యాళ్టి నుంచి నీ పేరు కూడా చెప్తా. నీ పేరేందమ్మా?"

చెప్పాను, ఇంటిపేరుతో సహా. ఆమె ఇంకోసారి అడిగి, తప్పు పోకుండా రెండుసార్లు పలికి చూసుకుంది.